హనుమకొండలో పాత ఫోటో బాగు చేయించాం: బాపు, పక్కన హబీబ్

హనుమకొండ చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి వైపు పోయే దారిలో, మెయిన్ రోడ్డు మీద కాదు, లోపల గల్లీలో ఒక ఫోటో ఫ్రేముల షాపు ఉంది. బయటికి దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలే కనపడతాయి. పాత ఫోటోలు బాగు చేస్తారని బోర్డు కూడా లేదు, మా పక్కింటావిడ చెబితే వెళ్లాను. ఇంత మంచి పని చేసేవాళ్ల గురించి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

ముందు ఆ ఫోటో సంగతి చెప్పాలి. మా బాపు కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాడు. డ్యూటీ దిగితే రైల్వే గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేవాడు. 1977 సెప్టెంబర్ 24న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ టీమ్‌తో అక్కడి క్లబ్బు మోహన్ బగాన్ మ్యాచ్ అని తెలిసి, రైల్వే పాసు మీద విజయవాడలో బండి మారి హౌరా దాకా పోయాడు, అప్పటికి పెళ్లి కూడా కాలేదు. వాన పడి గ్రౌండంతా బురదట. మ్యాచ్ 2-2తో డ్రా అయింది, మోహన్ బగాన్‌కు ఒక గోల్ శ్యామ్ థాపా కొడితే ఇంకొకటి మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్ కొట్టాడు. సరిగ్గా వారానికి, అక్టోబర్ 1న, పెలే అమెరికాలో తన ఆఖరి మ్యాచ్ ఆడేశాడు. అంటే మా బాపు ఆయన్ను దాదాపు చివరి రోజుల్లో చూశాడన్నమాట. కానీ ఇంట్లో ఎప్పుడు ఆ మాట వచ్చినా "పెలేను చూద్దామని పోయిన బిడ్డా, హబీబ్‌ను చూసొచ్చిన" అనే అంటాడు.

ఫోటో మాత్రం కోల్‌కతాది కాదు. కొన్నేళ్ల తర్వాత హైదరాబాద్‌లో లాల్ బహదూర్ స్టేడియం గేటు దగ్గర హబీబ్ కనపడితే బాపు స్నేహితుడు తీసింది, నలుపు తెలుపు, పోస్టు కార్డంత ఉంటుంది. హబీబ్ చెయ్యి బాపు భుజం మీద ఉంటుంది. బాపు కెమెరా వైపు చూడడు, పక్కకు తిరిగి ఆయన్నే చూస్తుంటాడు. 2023 ఆగస్టు 15న హబీబ్ చనిపోయారని టీవీలో విని, బాపు గోడ మీది పటం దింపి తుడుస్తుంటే అప్పుడు గమనించాం, ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంది, లోపల తెల్లగా బూజు పాకుతోంది.

మొదట వేరే ఒకచోట ఇచ్చాం. వాళ్లు ఫోన్‌తో ఫోటో తీసుకుని ఏదో ఏఐ యాప్‌లో వేసి, రంగులద్ది గంటలో చేతిలో పెట్టారు. ముఖాలు మైనం పూసినట్టున్నాయి, హబీబ్ నవ్వే మారిపోయింది. బాపు చూసి "ఈయనెవరు?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పటినుంచి ఆ పటం బీరువాలోనే ఉండిపోయింది.

ఈ షాపులో అన్న మొదట చేసిన పని, ఫోటోను అద్దం నుంచి పీకడానికి ఒప్పుకోకపోవడం. పీకితే బొమ్మ అద్దానికే ఉండిపోతుంది, కాగితం చేతికొస్తుంది అన్నాడు. అద్దం మీదుగానే కెమెరాతో తీశాడు, రెండు పక్కల నుంచి ఏటవాలుగా లైట్లు పెట్టి, మెరుపు పడకుండా కెమెరా చుట్టూ నల్లగుడ్డ కట్టి, అరగంట పైనే పట్టింది. తర్వాత కంప్యూటర్‌లో ఒక్కో మరక తీసుకుంటూ పోయాడు. చొక్కాలు, గేటు, వెనక గోడ అన్నీ శుభ్రం చేశాడు కానీ హబీబ్ చెవి దగ్గర బూజు తినేసిన చోట ఆగిపోయాడు. "చెల్లె, ఈడ ఏముండెనో నాకు తెల్వదు. ఊహించి గీస్తే అది ఆయన కాదు" అన్నాడు. బాపు దాచుకున్న పేపర్ కటింగులు తెస్తాను, చూసి గీయండి అన్నాను. తెమ్మన్నాడు, తెస్తే చూశాడు, అయినా వాటిలోంచి తెచ్చి అతికించలేదు. ఆ మచ్చను కళ్లకు కొట్టకుండా బూడిద రంగులోకి కలిపి వదిలేశాడు. డబ్బు తీసుకుని పని చేసే మనిషి ఇలా ఆగడం నేను ఎక్కడా చూడలేదు.

నేను రెండోసారి వెళ్లినప్పుడు స్క్రీన్ మీద ఆ ఫోటో పెద్దగా ఉంది. తన భార్య పటం కట్టించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన చూసి "హబీబే కదమ్మా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయనది సికింద్రాబాద్. చిన్నప్పుడు వాళ్లన్న ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం ఉన్న ఫతే మైదాన్‌కు తీసుకెళ్తే తులసీదాస్ బలరాంను చూశారట, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం దాకా పోయిన టీమ్‌లో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన టీమ్‌లో ఆడిన బలరాం. "ఇద్దరిని ముగ్గురిని దాటుకుంట పోతుంటే బాలు కాలికి అంటుకున్నదేమో అనుకునేటోన్ని" అని, కాలు ఆడిస్తూ చూపించారు. ఆ వయసులో ఆ కాలు కదిలిన తీరు ఇంకా నా కళ్లముందు ఉంది.

షాపులో పనిచేసే కుర్రాడు ఊరుకోలేదు. 2025 డిసెంబర్ 13న ఉప్పల్‌కు మెస్సీ వస్తే పోయొచ్చాడు, ఫోన్ తీసి చూపించాడు. పై స్టాండ్ నుంచి జూమ్ చేసి తీసింది, మెస్సీ బియ్యపు గింజంత. పక్కన ఉన్నది సువారెజ్ అని వాడు చెబితేనే తెలుస్తుంది. పెద్దది చేయించుకుంటానంటే వాళ్ల ఓనరే వద్దన్నాడట, చుక్కలు తప్ప ఏమీ మిగలదని. చిన్న సైజులోనే ప్రింటు తీసి కౌంటర్ లోపలి గోడకు అతికించుకున్నాడు. నాకు అది బాపు ఫోటో కంటే తక్కువగా ఏమీ అనిపించలేదు.

ఇక పని వివరాలు. బాగు చేసినందుకు 1,200, మ్యాట్ ప్రింటు, టేకు రంగు ఫ్రేము కలిపి 850 తీసుకున్నాడు. నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది, ఫోన్ చేస్తే ఎత్తరు, ఇది మాత్రం మార్చుకోవాలి. బండి చౌరస్తాలో పెట్టి నడిచి వెళ్లండి, గల్లీలో చోటుండదు. అతుక్కున్న ఫోటో అయితే మీరు ఇంట్లో కదిలించకుండా అద్దంతో సహా పట్టుకెళ్లండి, నెగెటివ్ ఉంటే ఇంకా మంచిది.

ఫోటో ఇంటికి తెచ్చాక బాపు చాలాసేపు ఒళ్లో పెట్టుకుని చూశాడు. చెవి దగ్గర వేలు పెట్టి ఇక్కడేమైందని అడిగాడు. చెప్పాను. "ఉన్నది ఉంచిండు, మంచి మనిషి" అన్నాడు. రైల్వే గ్రౌండు స్నేహితులకు ఇంకో కాపీ కావాలట. తీసుకురావడానికి ఈసారి తనే వస్తానంటున్నాడు, ఆ మెస్సీ కుర్రాడికి ఈడెన్ గార్డెన్స్ బురద సంగతి చెప్పాలని.