తాతగారి గేట్‌మన్ బొమ్మ: ఆరేళ్ల వాడకం తర్వాత

మా తాతగారు రాయగడ లైనులో, గజపతినగరం దగ్గర గేట్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఓడలో ఉద్యోగం చేసిన మా పెద్దమామయ్య అమెరికా రేవులో దిగినప్పుడు ఆయన కోసమే ఈ బొమ్మ కొన్నాడు. బొమ్మ రైళ్లు చేసే అమెరికా కంపెనీ లయొనెల్ 1950లో తెచ్చిన 145 నంబరు గేట్‌మన్ ఇది. రైలూ పట్టాలూ కొనలేదు, గేట్‌మన్‌నూ దాన్ని నడిపే ట్రాన్స్‌ఫార్మర్‌నూ మాత్రమే తెచ్చాడు. అమ్మ వాటాకు వచ్చిన ఇత్తడి బిందెలో, పాత పంచె ముక్కలో చుట్టి ఉండగా నాకు దొరికింది.

ఇందులో నాకు ప్రాణమైనది ఆ గేట్‌మన్ చిన్న గది తలుపు. బటన్ నొక్కితే అడుగున ఉన్న తీగచుట్ట ఇనుప కడ్డీని లోపలికి లాగుతుంది. టక్‌మని తలుపు తెరుచుకుని, బొటనవేలంత మనిషి లాంతరు పట్టుకుని బయటికి వస్తాడు. వదిలేస్తే వెనక్కి వెళ్తాడు, తలుపు మూసుకుంటుంది. ఆరేళ్లలో ఎన్ని వందలసార్లు నొక్కానో, ఒక్కసారీ విసుగు రాలేదు. అసలు పద్ధతిలో అయితే రైలు బరువుకు పట్టాల కింది స్విచ్ నొక్కుకోవాలి. తాతగారికి అదే నచ్చలేదని అమ్మ చెబుతుంది. "రైలు మీదికొచ్చాక బయటికొచ్చేవాడు గేట్‌మన్ ఎలా అవుతాడే?" అనేవారట. మా ఇంట్లో రైలు లేదు కాబట్టి కాలింగ్ బెల్ బటన్ పెట్టాను. ఇప్పుడు వాడు తాతగారు కోరినట్టు ముందే వస్తున్నాడు.

కరెంటు సంగతి పెద్దగా చెప్పాల్సింది లేదు. అమెరికా ట్రాన్స్‌ఫార్మర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టి ఎవరో ఎప్పుడో కాల్చేశారు. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌లో మధ్య తీగ, ఒక చివరి తీగ వాడితే పన్నెండు వోల్టుల ఏసీ వస్తుంది, అది సరిపోయింది. డీసీ ఎడాప్టరు మాత్రం పెట్టకండి, ఏసీకి చుట్టిన తీగ దాంతో తొందరగా వేడెక్కుతుంది.

బాగుచేసిన కొత్తలో కనిపించిన వాళ్లందరికీ "ఇన్నేళ్లు బిందెలో ఉన్నా రెండు చుక్కల కుట్టుమిషను నూనెతో లేచి నిలబడింది" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అనలేను.

మూడో ఏడు సంక్రాంతికి బొమ్మల కొలువులో రెండో మెట్టు మీద పెట్టాం. పిల్లలకు వీలుగా ఉంటుందని బెల్ బటన్ తీసేసి మామూలు లైటు స్విచ్ బిగించాను. భోగినాడు సాయంత్రం పేరంటాళ్ల మధ్య ఎవరో స్విచ్ వేసి వదిలేశారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి తలుపు సగమే తెరుచుకుని ఉంది, మనిషి గడప మీద ఆగిపోయాడు. ఎప్పుడూ సన్నగా వినిపించే జుమ్మనే మోత గట్టిగా వస్తోంది, వార్నిష్ కాలిన వాసన. ప్లగ్గు పీకి అడుగు విప్పితే తీగచుట్ట మీది కాగితం నల్లబడి ఉంది. కడ్డీ మీద వేలు పెడితే జిగురులా అంటుకుంది. నేను పోసిన నూనె రెండు వానాకాలాల తేమకూ దుమ్ముకూ చిక్కబడి కడ్డీని సగంలో పట్టేసింది. ఏసీ మీద నడిచే చుట్టలో కడ్డీ పూర్తిగా లోపలికి చేరితేనే కరెంటు తగ్గుతుంది. సగంలో ఆగితే ఎక్కువ లాగుతూనే ఉంటుంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. తాతగారి వస్తువు నా చేతులతో కాల్చానన్న బాధ.

విజయనగరంలో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర ఫ్యాన్లు, పంపు మోటార్లు వైండింగ్ చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పాత తీగను చుట్టు చుట్టుకూ లెక్కపెడుతూ విప్పి, అదే మందం రాగితీగ మళ్లీ చుట్టారు. కడ్డీని స్పిరిట్‌తో తుడిచి, "దీనికి నూనె పడదండీ, పొడిగానే ఉండాలి" అన్నారు. మూడేళ్లుగా ఆగకుండా పనిచేస్తోంది. అయితే ఆ టక్ మునుపటంత గట్టిగా లేదు. పన్నెండు వోల్టులు దానికి కాస్త తక్కువేమో.

కొనదగ్గ వస్తువేనా అని అడిగేవాళ్లకు నేను సూటిగా జవాబివ్వలేను. నాకిది కొన్నది కాదు, వచ్చింది. పట్టాలూ రైలూ ఉన్నవాళ్లకు ఆనందం ఇంకా ఎక్కువే ఉంటుంది, కానీ రైలు ఆ స్విచ్ మీద ఆగిపోకుండా చూసుకోవాలి. చిన్నపిల్లలున్న ఇల్లయితే బెల్ బటన్ తప్ప వేరేది పెట్టొద్దు. అడుగు రేకుకు ఆకుపచ్చ రంగు నేనే వేశాను, అది వేయకుండా ఉండాల్సింది. పైకప్పు మీది గీతలు మాత్రం అలాగే ఉంచాను. ఈ సంక్రాంతికి కూడా రెండో మెట్టు మీదే పెడతాం, బటన్ నా దగ్గరే ఉంటుంది.