హాలిఫాక్స్‌లో మూడు రోజులు: దిగితే నార్త్ ఎండ్‌లోనే దిగండి

కెనడా తూర్పు తీరంలో ఉన్న హాలిఫాక్స్ వెళ్ళొచ్చామనగానే టొరంటో పక్కన మిసిసాగాలో మావాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "పెగ్గీస్ కోవ్ చూశారా?" అని. లైట్‌హౌస్‌కి పేరున్న దగ్గర్లోని పల్లె అది, చూడలేదు. అమ్మ వైజాగ్ నుంచి వచ్చి మూడు నెలలైంది, సముద్రం మీద బెంగ పట్టుకుంది. ఒంటారియో సరస్సు చూపిస్తే "ఉప్పు వాసన లేకుండా ఇదేం సముద్రంరా" అనేసింది. నాకేమో 1917లో ఓడ పేలిన చోటు చూడాలని ఎప్పటినుంచో ఉంది. అలా అక్టోబరు చివర్లో ఇద్దరం బయల్దేరాం.

టొరంటో నుంచి విమానంలో రెండు గంటల చిల్లర. ఎయిర్‌పోర్టు ఊరికి దూరం. ముందే బుక్ చేసుకున్న అద్దె కారు కోసం కౌంటర్ దగ్గర గంటంపావు నిలబడ్డాం, చివరికి అడిగినదానికంటే పెద్ద బండి అంటగట్టారు. డౌన్‌టౌన్ వీధులు సన్నం, ఎత్తుపల్లాలు, పార్కింగ్ దండగ. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి కారు అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు నుంచి సిటీ బస్సు ఉంది.

మొదటి రాత్రి డౌన్‌టౌన్‌లో ఓ హోటల్. "హార్బర్ వ్యూ" అని ఎక్కువ డబ్బులు తీసుకున్నారు. కర్టెన్ తీస్తే ఎదురుగా ఇంకో బిల్డింగ్ గోడ, దాని పక్కన జానెడు నీళ్ళు. అడిగితే "అదే వ్యూ సార్" అన్నారు! మంచం బాగుంది, లిఫ్ట్ ఉంది, అంతవరకే. రెండో రోజు నార్త్ ఎండ్‌లో ఒకరింటి పై అంతస్తుకి మారిపోయాం. అమ్మ మోకాళ్ళకి ఆ మెట్లు శిక్షే. కానీ వంటగది ఉంది, పొద్దున్నే ఉప్మా చేసుకున్నాం, హోటల్‌కి పెట్టిన దాంట్లో సగమే అయింది. ఆ పేలుడు ఏం చేసిందో అర్థం కావాలంటే ఉండాల్సిన పేట కూడా ఇదే. అప్పట్లో దీన్ని రిచ్మండ్ అనేవారు. కూలీలు, రైల్వేవాళ్ళు, ఫ్యాక్టరీ పనివాళ్ళు ఉండే చోటు.

ముందు ఫోర్ట్ నీధమ్ ఎక్కండి. గుట్ట చిన్నదే, దారి బాగుంది, మధ్యలో కూర్చోడానికి బెంచీలున్నాయి. పైన 1985లో కట్టిన స్మారక గంటల గోపురం ఉంది. కుటుంబాన్ని మొత్తం పోగొట్టుకున్న బార్బరా ఓర్ అనే అమ్మాయి 1920లో చర్చికిచ్చిన గంటలే అందులో ఉన్నాయి. కిందికి చూస్తే నారోస్, అంటే హార్బర్ సన్నబడే ఇరుకు జలసంధి. వైజాగ్‌లో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడలు లోపలికొచ్చే సన్నటి దారి చూసినవాళ్ళకి ఇక్కడేం జరిగిందో విడిగా చెప్పక్కర్లేదు.

1917 డిసెంబరు 6. ఫ్రెంచ్ ఓడ మాంట్ బ్లాంక్ లోపలికి వస్తోంది, మొదటి ప్రపంచ యుద్ధానికి సరుకు మోసే ఓడల గుంపులో (కాన్వాయ్) కలవడానికి. అందులో 2,000 టన్నులకు పైగా పిక్రిక్ ఆమ్లం, దానికి తోడు టీఎన్‌టీ, గన్‌కాటన్, డెక్ మీద ఇట్టే అంటుకునే బెంజాల్ పీపాలు. లోపలున్నది మందుగుండని తెలిపే జెండా కూడా లేదు. అటునుంచి నార్వే ఓడ ఇమో బయటికి పోతోంది. ముందురోజే వెళ్ళాల్సింది, బొగ్గు ఆలస్యంగా రావడంతో ఆగిపోయింది. ఉదయం పావు తక్కువ తొమ్మిదికి రెండూ గుద్దుకున్నాయి. అప్పటికి పెద్ద దెబ్బేం కాదు. కానీ బెంజాల్ అంటుకుంది. సిబ్బంది పడవలెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయారు. మంటల్లో ఉన్న ఓడ ఊరి వైపు కొట్టుకొచ్చి పియర్ 6 అనే రేవుకి ఆనుకుంది.

ఇరవై నిమిషాలు మండింది. నల్లటి పొగ, మధ్యమధ్యలో రంగురంగుల మంటలు. బడికెళ్ళే పిల్లలు ఆగి చూశారు. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు కిటికీల దగ్గరికొచ్చి, అద్దాలకి మొహాలు ఆనించి చూశారు. 9:04కి ఓడ పేలింది.

దాదాపు 2,000 మంది పోయారు, 9,000 మంది గాయపడ్డారు. 1,600 ఇళ్ళు నేలమట్టం. బోర్లాపడ్డ పొయ్యిలతో చెక్క ఇళ్ళు అంటుకున్నాయి. మర్నాడే మంచు తుఫాను. దాదాపు 5,900 కంటి గాయాలు లెక్కకొచ్చాయి. కాటరాక్ట్ ఆపరేషన్ అయినప్పటినుంచీ కళ్ళ గురించి ఎవరేం చెప్పినా భయపడే అమ్మ, అక్కడి బోర్డు చదివి చెబుతుంటే "చాలు, ఆపరా" అంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది. 1942 ఏప్రిల్లో జపానువాళ్ళు వైజాగ్ మీద బాంబులేసినప్పుడు ఊరు ఖాళీ చేసి బళ్ళమీద పోయారని మా అమ్మమ్మ చెప్పేదట. "ఇక్కడ పారిపోవాలని కూడా తెలీలేదు పాపం" అంది.

పియర్ 6 ఉన్న చోటుకి వెళ్ళలేం. అదిప్పుడు షిప్‌యార్డ్ లోపలుంది, అందులో యుద్ధనౌకలు కడుతున్నారు. గుట్టమీంచి చూడ్డమే.

గుట్ట దిగితే హైడ్రోస్టోన్ పేట. పేలుడు తర్వాత ఇళ్ళు పోయినవాళ్ళకోసం, మంట అంటుకోని కాంక్రీటు దిమ్మెలతో పది వరసలు కట్టారు. టౌన్ ప్లానర్ థామస్ ఆడమ్స్ ప్లాను. వరసకీ వరసకీ మధ్య గడ్డి, చెట్లు, వెనకాల సన్న సందులు. ఇప్పుడక్కడ ఇల్లు కొనాలంటే మనవల్ల కాదు. యంగ్ స్ట్రీట్ మీద కొట్లున్నాయి, కాఫీ బాగుంది. వెజిటేరియన్లకి సూపు, బ్రెడ్డుతో సరిపెట్టుకోవడమే. అన్నం కావాలంటే డౌన్‌టౌన్‌కి రావాలి. మన పిల్లలు చాలామందే చదువుకుంటున్నారు ఇక్కడ. బస్టాపులో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు అమ్మని "ఆంటీ, ఎక్కడికెళ్ళాలి?" అని అడిగి మరీ బస్సెక్కించారు. మొత్తం ట్రిప్పులో అందిన సేవల్లో అదే బెస్టు.

మారిటైమ్ మ్యూజియంలో జనమంతా టైటానిక్ డెక్ చైర్ చుట్టూ మూగుతారు. పేలుడు గది పక్కనే, కాస్త ఖాళీగా ఉంటుంది. ముందు అక్కడికే వెళ్ళండి. పేలుతుందని తెలిసీ తిరిగొచ్చి, వచ్చే రైళ్ళని ఆపమని, ఇదే నా ఆఖరి మెసేజ్ కావచ్చని తంతి కొట్టిన రైల్వే డిస్పాచర్ విన్స్ కోల్మన్ వాచీ అక్కడుంది. చనిపోయినవాళ్ళ వస్తువులు దాచిన చిన్న గుడ్డ సంచులూ ఉన్నాయి. శవానికో నంబరు, అదే నంబరుతో సంచి: టైటానిక్ మృతుల కోసం 1912లో ఈ ఊళ్ళోనే మొదలుపెట్టిన పద్ధతది. ఐదేళ్ళకి సొంతవాళ్ళకే వాడాల్సొచ్చింది.

సెయింట్ పాల్స్ చర్చి పది నిమిషాల పని. పేలుడికి ఎగిరొచ్చిన చెక్క ముక్క గోడలో అలాగే దిగబడి ఉంది. ఒక కిటికీ అద్దం మనిషి తల ఆకారంలో పగిలిందని అందరూ చూపిస్తారు. అమ్మకి తల కనపళ్ళేదు, నాకు సగం కనపడింది. ఊళ్ళో ఇంకోచోట ఉన్న మాంట్ బ్లాంక్ లంగరు (యాంకర్) ముక్క మాత్రం వదలొద్దు. అరటన్నుకి పైగా బరువు, మూడు కిలోమీటర్లు దాటి ఎగిరి పడింది. క్యాబ్ డ్రైవర్‌కి కూడా ఆ చోటు తెలీలేదు, మ్యాప్ పెట్టుకోండి.

ఆఫ్రిక్‌విల్ మ్యూజియంకి ఎక్కువమంది వెళ్ళరు. నల్లజాతివాళ్ళ పేట అది. పేలుడుకి దెబ్బతింది, సాయం అంతంతమాత్రం. తర్వాత 1960ల్లో నగరమే దాన్ని కూల్చేసింది, 2010లో క్షమాపణ చెప్పింది. అవతలి ఒడ్డున, పేలుడుతో లేచిన ఉప్పెనలో కొట్టుకుపోయిన మిక్మాక్ ఆదివాసీల పేట టర్టిల్ గ్రోవ్‌కి ఆపాటి గుర్తింపు కూడా కనపళ్ళేదు నాకు.

చివరి రోజు డార్ట్‌మత్ ఫెర్రీ ఎక్కాం. పన్నెండు నిమిషాలు, బస్సు టికెట్టే. అమ్మ పై డెక్ మీద శాలువా కప్పుకుని నిలబడి "ఇది సముద్రంలా ఉంది" అంది. వెంటనే ఇంకోసారి తిరిగొద్దామంది, తిరిగాం.

ఏటా డిసెంబరు 6న తొమ్మిది గంటలకి ఫోర్ట్ నీధమ్ మీద జనం గుమిగూడి గంటలు మోగిస్తారు. అప్పుడు వెళ్ళగలిగితే అప్పుడే వెళ్ళండి. మాకు కుదర్లేదు, అమ్మ టికెట్ నవంబరు ఇరవైకి.