బెంగళూరు దగ్గర వించింగ్ ట్రైనింగ్: డ్రైవర్‌ని కాదు, ముందు కో-డ్రైవర్‌ని పంపండి

బెంగళూరులో మన తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లు ఇప్పుడు థార్లు, జిమ్నీలతో నిండిపోయాయి, మారతహళ్ళి వైట్‌ఫీల్డ్ వైపు అయితే మరీ. అందులో సగం బళ్ళకి ముందు వించ్ కూడా ఉంటోంది, అంటే దిగబడ్డ బండిని తాడు చుట్టుకుంటూ బయటికి లాగే మోటారు. దాన్ని వాడటం ఎంతమందికి వచ్చు అనేదే నా బాధ. అందుకే కనకపుర రోడ్డు నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఆఫ్‌రోడ్ ట్రైనింగ్ గ్రౌండ్‌లో మేం చేసిన వించింగ్ కోర్సు గురించి వివరంగా రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నా, కోర్సు బాగుంది, డబ్బులు పెట్టొచ్చు, ఫీజు బండికి ఇద్దరికీ కలిపి నాలుగంకెలు దాటలేదు. కానీ డ్రైవర్ ఒక్కడే వెళ్ళొస్తే మాత్రం సగం వేస్టు, ఎందుకో కింద చెప్తా.

మేం ఈ కోర్సుకి వెళ్ళింది వించింగ్ పోటీకి తయారవ్వడానికి. మా బావమరిదికి పాత జిప్సీ ఉంది, వాడు డ్రైవింగ్, నేను కో-డ్రైవర్. వించింగ్ పోటీలంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. బురద గుంతలు, నిటారు గట్లు, వాగుల మధ్య ఒక ట్రాక్ గీస్తారు, టైమ్ పెడతారు, టైర్లతో ఎక్కలేని చోట బండి ముందున్న వించ్ తాడు తీసుకెళ్ళి చెట్టుకో నేలలో బిగించిన యాంకర్‌కో కట్టి బండి తనని తానే లాక్కోవాలి. మలేషియాలో 1997లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ ఈ ఆటకి పెద్ద పేరు, దాని ఇండియా ఎడిషన్ 2014లో గోవాలో వానాకాలంలో మొదలైంది. దాన్ని చూసే మన దక్షిణాదిలో చాలామందికి ఈ పిచ్చి పట్టింది.

ఇక క్లాసు సంగతి. పొద్దున వెళ్ళగానే అందరి బళ్ళ తాళాలు తీసేసుకున్నారు. మధ్యాహ్నం భోజనం దాకా ఇంజన్ స్టార్ట్ చేసింది లేదు. మా బ్యాచ్‌లో ఒకాయన బాగా విసుక్కున్నాడు, బండి తోలడానికి వస్తే పాఠాలేంటని. నాకు మాత్రం ఈ కోర్సులో అసలు విలువ ఆ పొద్దుటి పూటలోనే ఉందనిపించింది. మాకు చెప్పినాయనది చింతామణి వైపు, ఇంట్లో తెలుగే, అందుకని మాతో తెలుగులోనే మాట్లాడాడు, మధ్యలో కన్నడం కలుస్తూ. ఆయన మొదట అన్న మాట ఇది: "బండి గురించి మర్చిపోండి సామీ, ఇవాళంతా తాడు గురించే."

ఎందుకంటే బరువు పడ్డ తాడులో శక్తి దాక్కుని ఉంటుంది. స్టీల్ కేబుల్ లోడ్ మీద తెగితే కొరడాలాగా వెనక్కి వస్తుంది, మనిషి పక్కకి తప్పుకునేంత టైమ్ ఉండదు. సింథటిక్ తాడు బాగా తేలిక కాబట్టి తెగినా అంత విసురు ఉండదు, ఇప్పుడు పోటీల్లో ఎక్కువమంది అదే వాడటానికి కారణం ఇదే. అయితే సింథటిక్ వేసుకున్నాం కదా ఇక భయం లేదనుకుంటే తప్పు అని ఆయన గట్టిగా చెప్పాడు. తాడు తెగకపోయినా దాని చివరున్న ఇనుము, అంటే హుక్కో, షాకిలో (అడ్డంగా పిన్ను బిగించే U ఆకారం ఇనప కడ్డీ), బండికి బిగించిన పాయింటో ఊడితే అదే వచ్చి తగులుతుంది. ట్రైలర్ లాగే గుండు ఉంటుంది కదా బండి వెనక, దానికి తాడు తగిలించి లాగితే అది విరిగి ఎగిరొచ్చి మనుషులు చనిపోయిన కేసులు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. ఆ గుండు ట్రైలర్ బరువుకి చేసింది, బురదలో దిగబడ్డ బండిని గుంజడానికి కాదు.

ఇక్కడి నుంచే పోటీ రూల్స్‌లోకి వెళ్ళాడు. నాకు నచ్చింది ఏంటంటే ఏ రూల్‌నీ ఊరికే బట్టీ పట్టించలేదు, ఒక్కోదాని వెనక ఏం జరుగుతుందో చూపించాడు. తాడు మధ్యలో డ్యాంపర్, అంటే బరువున్న దుప్పటి లాంటిది వేయకుండా లాగితే పెనాల్టీ ఎందుకు? తెగినప్పుడు ఆ బరువు తాడుని నేలకేసి లాగుతుంది, గాల్లోకి లేవనివ్వదు. చెట్టుకి తాడు నేరుగా చుట్టకూడదు, వెడల్పాటి ట్రీ స్ట్రాప్ వేయాలని ఎందుకు? చెట్టు బెరడు తెగితే చెట్టు పోతుంది, తాడు కూడా తనని తానే కోసుకుంటుంది. బిగిసిన తాడు మీద నుంచి కాలు దాటించి వెళ్తే మార్కులు పోతాయి ఎందుకు? ఆ క్షణంలో తెగితే తాడు రెండు కాళ్ళ మధ్య ఉంటుంది కాబట్టి. ఇది విన్నాక ఎవరికీ ఇంకోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇంకా చేతికి గ్లోవ్స్ లేకుండా తాడు ముట్టుకోవడం, లాగేటప్పుడు డ్రైవర్ సీట్ బెల్టు లేదా హెల్మెట్ తీసేయడం, బండికీ యాంకర్‌కీ మధ్యలో మనిషి నిలబడటం, ఇవన్నీ పెనాల్టీలే. ఒక్కో ఈవెంట్‌కి లెక్క వేరుగా ఉంటుంది, స్టేజ్ (పోటీలో ఒక్కో ట్రాక్) మొదలయ్యే ముందు బ్రీఫింగ్‌లో చెప్పేది చెవులు రిక్కించి వినమన్నాడు. మన దేశంలో మోటార్ స్పోర్ట్‌కి పెద్ద దిక్కు చెన్నైలో ఉన్న ఎఫ్ఎంఎస్‌సీఐ (మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య), దాని పర్మిషన్‌తో జరిగే ఈవెంట్‌కి వెళ్ళాలంటే లైసెన్స్ తీసుకోవాలి, దాని గురించి కూడా చెప్పాడు కానీ పైపైనే.

భోజనం తర్వాత బళ్ళు దిగాయి. ఇక్కడే నేను మొదట్లో అన్న సంగతి. స్టీరింగ్ పట్టుకున్నవాడు రోల్ కేజ్ (బండి బోల్తా పడ్డా కాపాడే ఇనప పైపుల చట్రం) లోపల, బెల్టు పెట్టుకుని, హెల్మెట్‌తో కూర్చుంటాడు. మోకాలి లోతు బురదలో తాడు మోసుకుని గట్టెక్కేది, షాకిల్ బిగించేది, తాడు డ్రమ్ము మీద సరిగా చుట్టుకుంటోందా లేదా చూసేది అంతా కో-డ్రైవర్. అంటే ప్రమాదం దగ్గరగా ఉండేది కో-డ్రైవర్‌కే. మన దగ్గర ఎవరు ట్రైనింగ్‌కి వెళ్తున్నారు? బండి ఓనరు. కో-డ్రైవర్ అంటే ఆ వారం ఖాళీగా ఉన్న ఫ్రెండు. ఈ పద్ధతి మారాలి అని నాకు చాలా బలంగా అనిపిస్తోంది, ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఇదే.

మా స్టేజ్‌లో మా బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టి "బావా, ఇంకొంచెం లాగనా?" అని అరుస్తుంటే ఇన్‌స్ట్రక్టర్ ఈల ఊది ఆపేశాడు. నోటి మాట లేదు, చేతి సైగే. ఇంజన్ మోతలో 'లాగు', 'ఆగు' రెండూ ఒకలాగే వినిపిస్తాయి. సైగ ఒక్కరే చెయ్యాలి, గట్టు మీద నిలబడి సలహాలిచ్చేవాళ్ళ మాట డ్రైవర్ చెవిన వేసుకోకూడదు, ఒక్క విషయంలో తప్ప: ఆపు అనే సైగ ఎవరు చేసినా ఆపాల్సిందే. ఇవి బాగా ప్రాక్టీస్ చేయించారు, సాయంత్రానికి మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని పని చేసేదాకా వచ్చాం.

స్నాచ్ బ్లాక్ పాఠం కూడా గొప్పగా ఉంది. తాడుని ముందున్న కప్పీ గుండా తిప్పి మళ్ళీ బండికే తెచ్చి కడితే లాగే బలం దాదాపు రెట్టింపు అవుతుంది, స్పీడు సగం అవుతుంది, వించ్ మోటార్ వేడెక్కడం తగ్గుతుంది. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే అప్పుడు కప్పీ కట్టిన చెట్టు మీద, స్ట్రాప్ మీద, షాకిల్ మీద కూడా వించ్ లాగే దానికి రెండింతలు పడుతుంది. అంటే మన వించ్ గుంజేది 2 టన్నులైతే చెట్టు దగ్గర షాకిల్ 4 టన్నులు మోస్తోంది. ఇది తెలియకుండా చిన్న షాకిల్ పెట్టేవాళ్ళే ఎక్కువ. మా బ్యాచ్‌లో ఒకతను జేసీ రోడ్‌లో ఏదో షాపులో కొన్న షాకిల్ తెచ్చాడు, మెరిసిపోతోంది, కానీ దాని మీద ఎంత బరువు మోస్తుందో అచ్చు లేదు. ఇన్‌స్ట్రక్టర్ దాన్ని పక్కన పెట్టించి, 4.75 టన్నులు అని అచ్చు ఉన్న ముప్పావు అంగుళం షాకిల్ ఇచ్చాడు. పిన్ను మొత్తం బిగించి, కొంచెం వెనక్కి తిప్పి వదలమన్నాడు, లేకపోతే లోడ్ పడ్డాక అది బిగుసుకుపోవచ్చు అన్నాడు.

వించ్ సైజు లెక్క కూడా ఇక్కడే అర్థమైంది. మనుషులు సామాన్లతో కలిపి బండి మొత్తం బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. జిమ్నీకి కంపెనీ ఇచ్చిన మొత్తం బరువు 1545 కిలోలు, అంటే 2300 కిలోల పైన లాగే వించ్ కావాలి. మరి అందరూ 9500 పౌండ్లది, అంటే దాదాపు 4300 కిలోలది ఎందుకు వేయిస్తున్నారు అంటే, ఆ అంకె డ్రమ్ము మీద ఒక్క పొర తాడు ఉన్నప్పటిది. పొర పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది, నాలుగో పొరకి వచ్చేసరికి మూడో వంతు దాకా పోతుంది. దానికి తోడు బురద బండిని పట్టుకుని గుంజుతుంది. అందుకే దగ్గర చెట్టు వదిలేసి దూరం చెట్టుకి కట్టడం మేలు, తాడు ఎక్కువ బయట ఉంటే వించ్ బలం ఎక్కువ. అలాగని మొత్తం విప్పేయకూడదు, స్టీల్ అయితే కనీసం 5 చుట్లు, సింథటిక్ అయితే 10 దాకా డ్రమ్ము మీద ఉండాలి, తాడు చివర బిగించిన చిన్న బోల్టు బండి బరువు మోయలేదు, ఆ చుట్ల రాపిడే మోసేది.

ఇప్పుడు నచ్చనివి. మొదటిది, పక్కకి వాలిన చోట వించింగ్ చేయించలేదు. పోటీలో బండ్లు బోల్తా పడేది అక్కడే, తాడు ఒక పక్కకి లాగుతుంటే బండి ఇంకో పక్కకి జారుతుంది, రెండో తాడుతో పైనుంచి పట్టుకోవడం ఎలాగో నోటితో చెప్పి వదిలేశారు. గ్రౌండ్‌లో అలాంటి వాలు ఉంది కూడా, టైమ్ లేదన్నారు. పొద్దున పరిచయాల కార్యక్రమం గంటసేపు సాగదీసే బదులు ఇది చేయించి ఉండొచ్చు. రెండోది ఇంకా సీరియస్. ఫస్ట్ ఎయిడ్ అంటే కారు డాష్‌బోర్డులో ఉండే చిన్న డబ్బా చూపించారు. తాడుతో, ఇనుముతో ఆడే చోట రక్తం ఆపే టోర్నికే, పెద్ద డ్రెస్సింగులు, దగ్గర్లో ఏ ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో రాసిన కాగితం ఉండాలి. నేను అడిగితే వచ్చే బ్యాచ్‌కి పెడతాం అన్నారు, పెట్టారో లేదో వెళ్ళేవాళ్ళు తప్పకుండా అడగండి. మంటలార్పే సిలిండర్ మాత్రం ప్రతి బండికీ చెక్ చేశారు, డేట్ అయిపోయినవి పక్కన పెట్టారు, అది మెచ్చుకోవాలి. ఆడవాళ్ళకి సరైన టాయిలెట్ లేదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి కో-డ్రైవర్‌గా వచ్చింది, షాకిల్ పని అందరికంటే నీట్‌గా చేసింది, అలాంటివాళ్ళు ఇంకా రావాలంటే ఇది బాగు చేసుకోవాలి.

భోజనం రాగి ముద్ద, బస్సారు (పప్పు, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో చేసే కన్నడ చారు), అన్నం, మజ్జిగ. బురదలో నాని వచ్చాక చాలా బాగా అనిపించింది.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. గ్లోవ్స్ తోలువి మందంగా ఉన్నవి తీసుకెళ్ళండి, వాళ్ళిచ్చేవి అరిగిపోయాయి. చీలమండ పైదాకా ఉండే బూట్లు వేసుకోండి. సొంత వించ్ ఉంటే ముందు రోజే తాడంతా విప్పి చూసుకోండి, ఎక్కడైనా నలిగినట్టు కరిగినట్టు ఉంటే వాళ్ళకి చెప్పండి, అక్కడే ముడి వేసి సరిపెట్టొద్దు, ముడి పడ్డచోట తాడు బలం చాలా పోతుంది. వించ్ కోసం ముందు పెద్ద ఇనప బంపర్ వేయించాలనుకునేవాళ్ళు ఆగండి, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది, రోడ్డు మీద పోలీసులు ఆపుతారు. ఒరిజినల్ బంపర్ వెనక దాక్కునే వించ్ బిగించే మౌంట్లు ఉంటాయి, వాటి గురించి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగితే బండిని బట్టి చెప్తాడు. పోటీ కోసం బాగా మార్చేసిన బళ్ళని మాత్రం లారీ మీద వేసుకుని వెళ్ళడమే నయం.

వానాకాలం బ్యాచ్‌లు తొందరగా నిండిపోతాయి, బుక్ చేసేటప్పుడే రెండు సంగతులు ఫోన్లో తేల్చుకోండి: వాలు మీద వించింగ్ చేయిస్తారా, బండి లేకుండా కో-డ్రైవర్ ఒక్కరే వస్తే తీసుకుంటారా. మేం వెళ్ళినప్పుడు రెండోదానికి ఒప్పుకుంటున్నారు, సగం ఫీజుకే.