బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ ఈవీ షోరూమ్: కారుకి నాలుగు స్టార్లు, క్యూకి ఒకటి

షోరూమ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే మా ఆఫీసులో వేరే చోట్ల ఎలక్ట్రిక్ కారు (ఈవీ) బుక్ చేసినవాళ్లు కూడా ఇంచుమించు ఇదే కథ చెప్తున్నారు.

మంచి ముందు చెప్పేస్తా. టెస్ట్ డ్రైవ్ ఇచ్చిన అబ్బాయిది హిందూపురం, నా కన్నడ వినగానే నవ్వేసి తెలుగులోకి దిగిపోయాడు. "అన్నా, ఒక్క చార్జింగ్‌కి ఇంత దూరం పోతుందని కంపెనీ చెప్పే రేంజ్ పట్టుకుని లెక్కలేసుకోవద్దు, హైవేలో 110 మీద లాగితే బ్యాటరీ టపటపా పడిపోతుంది, అనంతపురం పోయేటప్పుడు తెలుస్తుంది" అన్నాడు. అమ్మేవాడు ఇలా చెప్పడం నాకైతే కొత్తే. ఇంటి చార్జర్‌కి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్) ముందే తీసుకోమన్నదీ అతనే.

గొడవంతా డబ్బు కట్టాక మొదలైంది. బుకింగ్ ఫామ్‌లో చీమతలంత అక్షరాల్లో, డెలివరీ నాటి ధరే వర్తిస్తుందనీ, డెలివరీ తేదీ అంచనా మాత్రమేననీ ఉంటుంది. అంటే ధర పెరిగితే నా నెత్తిన, ఆలస్యమైతే అదీ నా నెత్తినే. సరే, అన్ని కంపెనీలదీ ఇదే వరస అని ఊరుకున్నా. కానీ మా కింద ఫ్లాట్ ఆయన నా తర్వాత బుక్ చేశాడు, అదే వేరియంట్, అదే తెలుపు, ఆయన బండి వచ్చేసి బేస్‌మెంట్‌లో కూర్చుంది! మేనేజర్‌ని అడిగితే "ఫ్యాక్టరీ నుంచి ఏ కలర్ వస్తే అది ఇస్తాం సార్" అంటాడు. మరి నాదీ తెలుపే కదయ్యా? అసలు తేడా ఏంటంటే, ఆయన ఇన్సూరెన్స్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, సిరామిక్ కోటింగ్ అన్నీ షోరూమ్‌లోనే తీసుకున్నాడు, నేను ఇన్సూరెన్స్ బయట చేయించుకుంటానన్నా. ఇన్సూరెన్స్ ఎక్కడ కొనాలన్నది కొనేవాడి ఇష్టం, దానికి క్యూలో వెనక్కి నెట్టడం ఏం న్యాయం?

ఆలస్యం నాకు పెద్ద సమస్య కాదు. 2025 ఫిబ్రవరి 14న మహీంద్రా బుకింగ్స్ తెరిస్తే మొదటిరోజే రెండు ఈవీలకి కలిపి 30,179 వచ్చాయి, అంతమందికి ఒకేసారి ఎవరిస్తారు? అయితే టాప్ వేరియంట్ వాళ్లకే ముందు ఇస్తామని ముందే ప్రకటించారు. కింది వేరియంట్ వాళ్లకి కడుపు మండి ఉంటుంది, కానీ తమ వంతు ఎప్పుడో తెలిసింది. ఇక 2016లో టెస్లా మోడల్ 3కి మన దేశం నుంచి డబ్బు కట్టినవాళ్లకి బండి కాదు, 2025లో రీఫండ్ మెయిల్ వచ్చింది. వాళ్లని తలుచుకుంటే నా బాధ ఏపాటిది అనిపిస్తుంది లెండి.

బుక్ చేయబోయేవాళ్లు రసీదు మీద వేరియంట్, కలర్, తేదీ రాయించుకోండి, క్యాన్సిల్ చేస్తే ఎంత కోస్తారో కూడా. బండి అలాట్ అయిందంటే ఛాసిస్ నంబర్ అడిగి, ఏ నెలలో తయారైందో చూశాకే మిగతా డబ్బు కట్టండి. డిసెంబర్ చివర్లో హడావిడిగా "వచ్చేయండి సార్" అని ఫోన్ వస్తే మరీ జాగ్రత్త, వారం తిరిగేసరికి అది పోయిన ఏడాది మోడల్ అయిపోతుంది. మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

నేనింకా క్యాన్సిల్ చేయలేదు, కారు అంత నచ్చింది మరి. షోరూమ్ వాళ్లు ఇది చదివితే ఒక్క పని చేయండి: కాఫీ మెషిన్ పక్కన రోజంతా యాడ్లు తిరిగే ఆ టీవీలో బుకింగ్ తేదీల వారీగా లిస్టు పెట్టండి, మీకు ఫోన్లు చేయడం మేమే మానేస్తాం.