వెనుక కాళ్లు లేని కుర్చీలో ఏడేళ్లు

విజయవాడలో పన్నుల లెక్కలు చూసే చిన్న ఆఫీసు పెట్టుకున్నప్పుడు ఆరు కాంటిలివర్ కుర్చీలు, అంటే వెనుక కాళ్లు లేనివి, కొన్నాను. ఒక్కొక్కటి 5,400 రూపాయలు. నాలుగు ఆఫీసులో నా బల్లకు ఎదురుగా వేశాను, రెండు ఇంటికి తెచ్చాను. ఆఫీసువాటికి రెక్సిన్, ఇంట్లోవాటికి బట్ట. ఇప్పటికి ఏడేళ్లు దాటింది.

ఒకే ఉక్కు గొట్టం నేల మీద పరుచుకుని, ముందు వైపు పైకి లేచి, సీటు కిందుగా వెనక్కి మళ్లి వీపు దాకా వెళ్తుంది. వెనుక కాళ్లు ఉండవు. ఇంటికి తెచ్చిన రోజున మా అత్తగారు చుట్టూ తిరిగి చూసి, "వెనక్కాళ్లు బిగించడం మరిచిపోయారేమో అడుగమ్మా" అన్నారు. వారం రోజులు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు అది ఆవిడ కుర్చీ. మోకాళ్ల నొప్పులున్న మనిషికి మామూలు కుర్చీలో కూర్చోవడమంటే చివరి రెండు అంగుళాలు దబ్బున పడటమే. ఇందులో సీటు బరువును అందుకుని రెండు వేళ్ల మందం దిగుతుంది, ఆగుతుంది. లేచేటప్పుడు ఆ కాస్తా తిరిగి ఇస్తుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. చేతులు సీటు కంటే ముందుకు పొడుచుకు వచ్చిన రకాల్లో, ఆ చివర మీద బరువంతా మోపి లేస్తే కుర్చీ ముందుకు ఒరగవచ్చు. పెద్దవాళ్ల కోసమైతే కొట్లోనే కూర్చోబెట్టి, లేపి చూడండి.

ఈ ఊపు మెత్తలోంచి రాదు, గొట్టం వంపులోంచి వస్తుంది. 1926లో మార్ట్ స్టామ్ అనే డచ్ వాస్తుశిల్పి గ్యాస్ పైపు ముక్కలు జోడించి ఇలాంటి కుర్చీ తయారుచేశాడు. అది బిగుసుకునే ఉండేది. 1927లో స్టట్‌గార్ట్ ఇళ్ల ప్రదర్శనకు జర్మన్ వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో ముందు భాగాన్ని పెద్ద విల్లులా వంచి చేసిన కుర్చీలో ఊపు వచ్చింది. నాలుగు కాళ్ల కుర్చీలో బరువు నాలుగు దారుల్లో నేలకు దిగుతుంది. ఇక్కడ కూర్చున్న ప్రతిసారీ ముందు వంపులే దాన్ని మోయాలి. అందుకే కొనేవాళ్లు మెత్త నొక్కి చూసి తృప్తిపడితే నాకు బాధగా ఉంటుంది. కుర్చీని బోర్లించండి. వంపు లోపలి వైపు గొట్టం నొక్కుకుపోయి ముడతలు పడి ఉంటే ఎంత అందంగా ఉన్నా వద్దు.

మెత్త ఎలాగూ పోయేదే. ఆఫీసు కుర్చీల రెక్సిన్ నాలుగో వేసవికి తొడల కింద అంచున పొలుసులుగా లేచింది. కుట్టే ఆయన సీటు కింద నాలుగు బోల్టులు విప్పితే ప్లైవుడ్ పలకతో సహా ఊడి వచ్చింది. పాత పిన్నులను ఒక్కొక్కటిగా స్క్రూడ్రైవర్ మొనతో లేపి తీశాడు. లోపలి ఫోమ్ నడుమ గుంటపడి ఉంది, వేళ్ల మధ్య నలిపితే పసుపు పొడిలా రాలింది. ఈసారి దట్టమైన 40 డెన్సిటీ ఫోమ్, పైన రెక్సిన్‌కు బదులు మందపాటి బట్ట వేయించాను. కుర్చీకి 1,100 రూపాయలు అయింది. చెమటకు చొక్కాలు అతుక్కోవడం మానేశాయి. మా ఎండలకు మొదటే బట్ట తీసుకోవలసింది.

నేలను తాకే గొట్టం కింద చిన్న నైలాన్ బుష్‌లు ఉంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు. అవి అరిగి ఊడితే ఇనుము టైల్స్ మీద నల్లగీతలు గీస్తుంది, తడిగుడ్డ పెట్టినప్పుడల్లా నీళ్లు గొట్టం కింద నిలిచి క్రోమ్ పూత లేస్తుంది. ఇంట్లో ఒక కుర్చీకి అలాగే తుప్పు పట్టింది. బుష్‌ల సెట్ 60 రూపాయలు. ముందే మార్చి ఉంటే సరిపోయేది.

ఆఫీసులో వచ్చినవాళ్లు వెనక్కి వాలి ఊగుతూ మాట్లాడతారు. అది తప్పని నేననను, ఆ కుర్చీయే ఊగమంటుంది. దానితో సీటు బోల్టులు వదులై కిర్రుమంటాయి. ఆరు నెలలకోసారి బిగిస్తాను. ఆరో ఏడు అలా బిగిస్తుండగా ఒక కుర్చీ ముందు వంపు కింద వెంట్రుకంత గీత కనిపించింది. క్రోమ్ గీరుకుపోయిందనుకున్నాను. గోరు పెట్టి లాగితే గోరు పట్టింది. గొట్టమే చిట్లింది. అమ్మిన కొట్టువాళ్లు వారంటీ అయిపోయిందన్నారు. వెల్డింగ్ చేసి ఇస్తానని ఒకాయన ముందుకొచ్చాడు కానీ, బరువంతా పడే చోట అతుకు మీద ఇంకొకరిని కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. దాన్ని పాత ఇనుముకు వేసేశాను.

మిగిలిన అయిదూ పనిలో ఉన్నాయి. బోల్టులు బిగించిన రోజునే వంపుల మీద గోరు పోనిచ్చి చూస్తున్నాను. అత్తగారి కుర్చీకి వచ్చే నెల కొత్త బట్ట వేయించాలి. ముదురు ఆకుపచ్చ రంగు ఆవిడే ఎంచి పెట్టుకున్నారు.