డ్రైవర్ సీపీసీయా, ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ సీపీసీయా: ఏది మేలు?

బ్రిటన్‌లో లారీల లైన్‌లోకి రావాలనుకునే మనవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "అన్నా, డ్రైవర్ సీపీసీ చెయ్యమంటావా, నేరుగా మేనేజర్ సీపీసీ రాసెయ్యమంటావా?" సీపీసీ అంటే వృత్తి సామర్థ్య సర్టిఫికెట్. డ్రైవర్‌ది లారీ నడపడానికి, మేనేజర్‌ది కంపెనీ లారీల నిర్వహణ చూడటానికి. లారీ ఎక్కే పని లేకుండా రెండు పేపర్లు రాస్తే మేనేజర్ అయిపోవచ్చు కదా అన్నది వాళ్ల ఆలోచన.

పాసవడం వరకు ఆ ఆలోచన సరైనదే. మేనేజర్ పరీక్షకు లారీ అనుభవం అడగరు, లైసెన్స్ కూడా అడగరు. మొదటి పేపర్‌లో 60 బిట్లు, రెండోది కేస్ స్టడీ. శ్రద్ధగా చదివేవాళ్లకు అసాధ్యమేమీ కాదు. సర్టిఫికెట్‌కు గడువు కూడా ఉండదు. ఐదేళ్లుగా ఆ పనిలో లేనివాళ్లను మాత్రం లారీ కంపెనీల లైసెన్సులు చూసే ట్రాఫిక్ కమిషనర్ మళ్లీ శిక్షణ తీసుకోమనవచ్చు.

డ్రైవర్ దారి పొడుగు. ఇండియాలో హెవీ లైసెన్స్ ఉన్నా బ్రిటన్‌లో స్థిరపడ్డాక దానితో లారీ నడపడానికి లేదు. మెడికల్ పరీక్ష, ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల) లైసెన్స్ నుంచి మొదలుపెట్టాలి. థియరీలో 100 బిట్లకు 85 రావాలి, వీడియోల్లో ప్రమాదాన్ని ముందే పసిగట్టే హజార్డ్ పర్సెప్షన్ పరీక్ష వేరే. తర్వాత కేస్ స్టడీలు, రోడ్డు టెస్టు, చివర్లో లారీ చుట్టూ తిరిగి చెకింగ్ చేసి చూపించే మాడ్యూల్ 4. ఖర్చంతా ట్రైనింగ్ స్కూల్ దగ్గరే అవుతుంది. డ్రైవర్ సీపీసీ కార్డు వచ్చాక కూడా ఐదేళ్లకోసారి 35 గంటల శిక్షణ తప్పదు. దానికి పరీక్ష లేదు కాబట్టి చాలామంది వెనక బెంచీలో కునుకు తీసి వస్తారు. చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే కోర్సు బాగుంటే అక్కడ నేర్చుకునేది నిజంగానే చాలా ఉంటుంది.

ఇంతవరకు చూస్తే మేనేజర్ సీపీసీయే నయం అనిపిస్తుంది. కానీ నా దృష్టిలో తేల్చాల్సింది పరీక్ష ఎంత కష్టమన్నది కాదు, పాసయ్యాక బండ్ల మీద మీ మాట చెల్లుతుందా లేదా అన్నది.

డ్రైవర్ కార్డు ఉన్నవాడికి పని దొరికితే ఆ రోజు నుంచే స్టీరింగ్ అతని చేతిలో ఉంటుంది. మేనేజర్ సర్టిఫికెట్ అలా కాదు. ఏదో ఒక కంపెనీ మీ పేరును తన ఆపరేటర్ లైసెన్స్ (వ్యాపారానికి లారీలు నడిపే అనుమతి) మీద పెట్టుకుంటేనే దానికి విలువ. కొత్తగా పాసైనవాళ్లకు మొదట వచ్చే ఆఫర్ తరచుగా ఇలా ఉంటుంది: "పేరు మాత్రం ఇవ్వండి చాలు, పని మేం చూసుకుంటాం." వారానికి ఇంత అని డబ్బు కూడా ఇస్తామంటారు. దయచేసి ఒప్పుకోకండి. రవాణా పనులను నిరంతరంగా, సమర్థంగా నడిపేవాడే మేనేజర్ అంటుంది చట్టం. ఆరు నుంచి పది బండ్లున్న చోట వారానికి 8 నుంచి 12 గంటలు ఆ పని మీద పెట్టాలన్నది ట్రాఫిక్ కమిషనర్ల మార్గదర్శకం. ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టు మీద బయటి మేనేజర్‌గా చేసేవాళ్లకు నలుగురు ఆపరేటర్లు, మొత్తం 50 బండ్లు అన్న పరిమితి ఉంది. తేడా వస్తే ట్రాఫిక్ కమిషనర్ జరిపే పబ్లిక్ ఎంక్వైరీ (విచారణ)లో నిలబడాల్సింది మీరే. అక్కడ మంచి పేరు పోయిందని తేలితే అనర్హత వేటు పడుతుంది, ఆ సర్టిఫికెట్‌తో ఇంకెక్కడా పని చెయ్యలేరు.

రెండో చిక్కు, క్యాబిన్‌లో కూర్చోనివాడికి షెడ్యూల్ వెయ్యడం రాకపోవడం. నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కు 45 నిమిషాల బ్రేక్ అన్న రూలు పుస్తకం చదివిన ప్రతివాడికీ తెలుసు. డ్రైవర్ ఆరింటికి బయలుదేరి ఎక్కడా ఆగకుండా పదింటికి డెలివరీ పాయింట్‌కు చేరాడనుకోండి. అక్కడ గంటన్నర క్యూ. కొత్త మేనేజర్ దాన్ని బ్రేక్ కింద రాసేసి, మధ్యాహ్నం ఇంకో నాలుగున్నర గంటల రన్ ఇచ్చేస్తాడు. కానీ ఆ గంటన్నరా డ్రైవర్ బండిని కొంచెం కొంచెం ముందుకు జరుపుతూనే ఉన్నాడు. అది విశ్రాంతి కాదు, జరిపిన నిమిషాలు డ్రైవింగ్‌లోకే పోతాయి. పదకొండున్నరకు గేటు దాటేసరికి బ్రేక్ తీసుకోకుండా నడపడానికి అతనికి అరగంట కూడా మిగల్లేదు. ఈ సంగతి ఆ క్యూలో ఉన్నవాడికి వెంటనే తడుతుంది. ఆఫీసులో కూర్చున్నవాడికి డ్రైవింగ్, విశ్రాంతి సమయాలను నమోదు చేసే టాకోగ్రాఫ్‌ను డౌన్‌లోడ్ చేశాక ఉల్లంఘనగా కనిపిస్తుంది.

అందుకే నేను మొగ్గేది డ్రైవర్ సీపీసీ వైపు. ముందు అది చేసి, కొంతకాలం బండి నడిపి, పనిలో ఉంటూనే మేనేజర్ పేపర్లు రాయండి. ఇంట్లోనే లారీల వ్యాపారం ఉన్నవాళ్లు, ఇప్పటికే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ప్లానింగ్ చూస్తున్నవాళ్లు మాత్రం నేరుగా మేనేజర్‌కు వెళ్లొచ్చు. వాళ్ల మాట వినే డ్రైవర్లు, ఓనర్లు ఎదురుగానే ఉంటారు.

మిగతా ప్రశ్నలు చిన్నవి. సొంత సరుకు మాత్రమే మోసుకునేవాళ్లకు రెస్ట్రిక్టెడ్ ఆపరేటర్ లైసెన్స్ చాలు, దానికి మేనేజర్ సీపీసీ అక్కర్లేదు. 2024 డిసెంబర్ 3 నుంచి డ్రైవర్ సీపీసీలో నేషనల్, ఇంటర్నేషనల్ అని రెండు రకాలు వచ్చాయి. యూరప్ వెళ్లే ఉద్దేశం లేకపోతే నేషనల్ సరిపోతుంది, అందులో మూడున్నర గంటల కోర్సులు కూడా ఉంటాయి. ప్రమాదకర సరుకులకు కావాల్సిన ఏడీఆర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మేనేజర్‌గానే వెళ్లాలనుకుంటే మిమ్మల్ని కంపెనీ మేనేజర్‌గా నమోదు చేసే టీఎం1 ఫారం మీద సంతకం పెట్టే ముందు ఓనర్‌ను మూడు అడగండి. బండ్ల తనిఖీ షీట్లు, టాకోగ్రాఫ్ రికార్డులు చూపిస్తారా? డ్రైవర్లు రాసిన లోపాల రిపోర్టులు ఎవరి దగ్గరికి వస్తాయి? బ్రేకులు బాగాలేని బండిని ఆపేయమని నేను చెబితే, లోడు ఎంత అర్జెంటైనా అది యార్డులోనే ఆగుతుందా? మూడోదానికి "చూద్దాంలే" అన్నాడంటే ఫారం వెనక్కి ఇచ్చెయ్యండి.