పార్డిని ఎస్‌పీనా, వాల్తర్ జీఎస్‌పీనా? 25 మీటర్ల పిస్టల్‌కి ఏది మేలు?

ఎయిర్ పిస్టల్ నుంచి పాయింట్ టూ టూకి (0.22 అంగుళాల తూటా పేల్చే పిస్టల్‌కి) మారే పిల్లల తల్లిదండ్రులు షూటింగ్ రేంజ్‌లో తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చాక ఈ పోటీ మీద మనవాళ్లకి ఆసక్తి పెరిగింది. "రెండింట్లో ఏది కచ్చితంగా కొడుతుంది?" అంటారు. రెండూ కొడతాయి. పోటీలో మొదటి భాగం ప్రెసిషన్, అంటే నిదానంగా గురి చూసి కొట్టడం. దాని టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. మంచి తూటాలు వేస్తే ఏ పిస్టలైనా అందులోనే పెడుతుంది. బయటికి పోయేది మన చేతి వల్ల.

అసలు తేడా రెండో భాగమైన ర్యాపిడ్‌లో, అంటే వేగంగా కొట్టేటప్పుడు తెలుస్తుంది. చెయ్యి 45 డిగ్రీల కిందికి దించి నిలబడాలి. పచ్చ లైటు వెలిగాక 3 సెకన్లలో పిస్టల్ లేపి, సైట్ (గురి చూసుకునే గుర్తు) చూసి, ఒక్క తూటా పేల్చాలి. తర్వాత 7 సెకన్లు ఎర్ర లైటు. ఇలా ఒక్కో సిరీస్‌లో ఐదుసార్లు. చెయ్యి లేపగానే ముందు సైటూ వెనక సైటూ వాటంతట అవే ఒక వరసలోకి వచ్చాయా, లేదా మణికట్టు తిప్పి సర్దుకోవాల్సి వచ్చిందా? నా దృష్టిలో పిస్టల్‌ని ఎంచుకోవాల్సింది దీన్ని బట్టే.

ఈ విషయంలో ఇటలీ పార్డినిదే పైచేయి. గ్రిప్ కోణం సర్దుకోవచ్చు. బ్యారెల్ చేతికి బాగా కిందుగా ఉంటుంది కాబట్టి పేలినప్పుడు ముక్కు పైకి ఎగరడం తక్కువ. ఎయిర్ పిస్టల్‌కి అలవాటుపడ్డ చేతికి కొత్తగా అనిపించదు.

జర్మనీ వాల్తర్ జీఎస్‌పీ 1968 నాటి డిజైన్. తూటాలు నింపే మ్యాగజైన్ పిడిలో కాకుండా ట్రిగ్గర్ ముందు ఉండే ఈ పద్ధతికి పేరు తెచ్చింది ఇదే. పార్డినిదీ అదే అమరిక. మ్యాగజైన్ పిడిలో లేకపోతే చెక్క గ్రిప్‌ని అరచేతికి తగ్గట్టు ఎలాగైనా చెక్కుకోవచ్చు. అందంలో, హుందాతనంలో పాత హామర్లీ 208ఎస్ పిస్టల్‌ని మించింది లేదని నేనూ అంటాను. కానీ దాని మ్యాగజైన్ పిడిలోనే ఉంటుంది, తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోవద్దు.

జీఎస్‌పీ బ్యారెల్ పొట్టి, 107 మిల్లీమీటర్లే. అయినా బరువంతా ముందుకి లాగుతుంది. ప్రెసిషన్‌లో ఆ బరువు చేతిని నిలకడగా ఉంచుతుంది. పద్నాలుగేళ్ల పిల్లల భుజానికి మాత్రం సిరీస్‌లు గడిచేకొద్దీ భారమే. దాని అసలు బలం ట్రిగ్గర్‌లో ఉంది. ట్రిగ్గర్ యూనిట్ మొత్తం ఒక్క ముక్కగా బయటికి వచ్చేస్తుంది. తేడా వస్తే ఇంకోటి పెట్టుకుని మళ్లీ లైన్‌లోకి వెళ్లొచ్చు.

ట్రిగ్గర్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మ్యాచ్ రోజు టెన్షన్ పెట్టేది అదే. ట్రిగ్గర్ నొక్కడానికి కనీసం కిలో బరువు పట్టాలన్నది నియమం. అది చెక్ చేయడానికి పిస్టల్‌ని నిటారుగా పట్టుకుని, కిలో బరువుని ట్రిగ్గర్‌కి తగిలించి నేల మీంచి లేపుతారు. బరువు లేవకముందే ట్రిగ్గర్ జారితే ఆ పిస్టల్ పాస్ కాదు. కాబట్టి సరిగ్గా వెయ్యి గ్రాముల దగ్గర పెట్టుకోకండి, కొంచెం ఎక్కువే ఉంచుకోండి. పార్డినిలో ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మోడల్ కూడా ఉంది. నొక్కుడు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, హాయిగా ఉంటుంది. అయినా మన దగ్గర మెకానికల్‌కే నా ఓటు. సర్క్యూట్ పాడైతే బాగుచేసేవాళ్లు పక్కన దొరకరు. స్ప్రింగో ఫైరింగ్ పిన్నో అయితే రేంజ్‌లో సాటి షూటర్ దగ్గరే దొరకొచ్చు.

అందుకే మీ రేంజ్‌లో ఎక్కువమంది దగ్గర ఏ పిస్టల్ ఉందో కూడా లెక్కలోకి తీసుకోండి. 20 జౌల్స్ లోపు శక్తి ఉండే ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు గానీ పాయింట్ టూ టూకి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ కావాలి. దిగుమతికి అనుమతులు వేరే. విడిభాగానికి కూడా నెలలు పట్టొచ్చు. క్లబ్‌లో బాగా చూసుకున్న జీఎస్‌పీ ఉంటే మొదటి సీజన్ దాంతోనే గడిపేయండి, డబ్బు తూటాల మీద పెట్టండి. సొంతానికి కొనేదైతే మెకానికల్ పార్డిని.

కొనేముందు రెండింటితోనూ ఒకే లాట్ తూటాలతో ర్యాపిడ్ సిరీస్‌లు కొట్టి చూడండి. ఎస్‌కే గానీ ఎలీ గానీ, ఏ కంపెనీ తూటాలైనా స్టాండర్డ్ వెలాసిటీవే (మామూలు వేగంవే) వాడండి. ఖాళీ పిస్టల్‌తో టక్ టక్‌మని ప్రాక్టీస్ చేసే అలవాటుంటే ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) డమ్మీ తూటా పెట్టండి. పాయింట్ టూ టూ లాంటి రిమ్‌ఫైర్‌లో ఫైరింగ్ పిన్ తూటా అంచుని కొడుతుంది. అక్కడ తూటా లేకపోతే దెబ్బ ఛాంబర్ అంచుకే తగిలి సొట్ట పడొచ్చు. వాడిన పిస్టల్ కొంటుంటే లైటు వేసి మొదట చూడాల్సిన చోటు అదే.